రాజుగారికి దేవుడితో పేచీ

గత సంచికలో ఒక పాఠకుడు అడిగితే, అడవిలో బాణం తగిలి చనిపోయిన ఇంగ్లండు రాజు రెండవ విలియం (రూఫస్ అన్నది ఆయనకు ముద్దుపేరు) గురించి నాలుగు ముక్కలు రాశాను. అందులో ‘దేవుణ్ణి నమ్మని రాజు’ అన్న మాట ఒకటి దొర్లింది. దొర్లింది అనడం కూడా తప్పే. ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠం చెబుతూ నోటికి అలవాటైన మాట, చెయ్యి దానంతట అదే రాసేసింది. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు ఈ శీర్షికకు ఈమధ్య మరి దేని మీదా రాలేదు. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఆయన ఒక్కడి సంగతే చూద్దాం.

“మాస్టారూ, రూఫస్ నాస్తికుడని రాశారు. పదకొండో శతాబ్దంలో, అందులోనూ ఒక రాజు, నాస్తికుడిగా బతకడం సాధ్యమేనా? ఆధారం ఏమిటి?” – ఒక డిగ్రీ విద్యార్థిని

ఆధారం ఉందమ్మా. దాన్ని సగమే చదివి అన్నేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి నేనే.

ముందు మనిషెవరో చెబుతాను. 1066లో ఇంగ్లండును గెలిచిన నార్మండీ డ్యూకు విలియం కొడుకు ఈయన. తండ్రి పోయిన నెల తిరక్కుండానే, 1087 సెప్టెంబరు 26న, ఇంగ్లండు చర్చికి పెద్ద అయిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ లాన్‌ఫ్రాంక్ చేత వెస్ట్‌మిన్‌స్టర్‌లో కిరీటం పెట్టించుకున్నాడు. మొహం ఎర్రగా ఉండేది కాబట్టి రూఫస్ అన్నారు. పెళ్ళి చేసుకోలేదు. కోపం వస్తే నత్తి వచ్చేది. కోపమా, తరచుగానే వచ్చేది.

కాంటర్‌బరీ మఠంలో ఎడ్మర్ అనే సన్యాసి ఉండేవాడు. ఆయన రాసిన చరిత్రలో ఉన్న సంగతి ఇది. రాజుగారి అడవిలో జింకలను చంపి తిన్నారని దాదాపు యాభై మంది ఇంగ్లీషు వాళ్ళను పట్టుకొచ్చారు. నార్మన్లు రాకముందు నుంచీ కలిగిన కుటుంబాల వాళ్ళు. మేము ఆ పని చేయలేదన్నారు. సాక్ష్యంతో తేలని కేసుకు ఆ రోజుల్లో దివ్యపరీక్ష పెట్టేవారు. ఎర్రగా కాల్చిన ఇనుమును చేత్తో పట్టుకోవాలి. తర్వాత చేతికి కట్టు కట్టి మూడో రోజున విప్పుతారు. గాయం చీము పడితే దోషి, లేకపోతే నిర్దోషి. మూడో రోజు కట్లు విప్పితే ఒక్కరి చేయి కూడా కాలిన జాడ లేదు.

రాజు మండిపడ్డాడు. “ఏమిటిది? దేవుడు న్యాయమైన తీర్పరా? ఇకమీదట ఆ మాట నమ్మినవాడు నాశనమైపోవాలి!”

నేను పాఠం చెప్పిన పుస్తకంలో ఇంతవరకే ఉండేది. పిల్లలు నోరు తెరుచుకుని వినేవాళ్ళు. నేను బల్ల మీద చెయ్యి చరిచి, “చూశారా, మధ్యయుగంలో ఒక నాస్తికుడు!” అనేవాణ్ణి. రిటైరయ్యాక తీరిక దొరికి ఎడ్మర్ పుస్తకం ఇంగ్లీషు అనువాదం మొదటి పేజీ నుంచి చదివాను. రాజు అక్కడ ఆగలేదు. ఇంకా అన్నాడు: ఇకనుంచి తీర్పు నేను చెబుతాను, దేవుడు కాదు, ఆయన తీర్పు ఎవరు ఎలా మొక్కుకుంటే అలా అటూ ఇటూ వంగిపోతోంది.

ఆ వాక్యం చదివి పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. న్యాయమూర్తి లేడని కాదు ఆయన అంటున్నది. ఉన్న న్యాయమూర్తి సిఫారసులు వింటున్నాడని. లేనివాడి మీద ఆ అభియోగం ఎవరూ మోపరు. పైగా ఆ అనుమానం మరీ పిచ్చిది కూడా కాదు. ఇనుమును దీవించేదీ, పరీక్షను నడిపించేదీ పూజారులే. యాభై మందిలో ఒక్కరికీ చెయ్యి కాలకపోతే నాకూ అనుమానం వచ్చేది. 1215లో రోములోని లాటరన్ సభలో చర్చే తన పూజారులను ఈ పరీక్షల జోలికి వెళ్ళవద్దంది. రూఫస్ అదే పని నూట పదిహేనేళ్ళకు పైగా ముందు, కోపంతో, నత్తితో చేశాడు.

కాబట్టి ‘నాస్తికుడు’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నా పాత విద్యార్థులు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళూ కొట్టేసుకోవాలి.

“ఆయన ‘లూకా ముఖం మీద ఒట్టు’ అనేవాడని ఎక్కడో చదివాను. సువార్త రాసిన లూకాయేనా?” – సండే స్కూలు నడిపే పాఠకుడు

కాదండీ. కానీ మీరొక్కరే పొరబడలేదు, ఇంగ్లండులో పాత రచయితలు కొందరు కూడా ఆ పొరబాటే చేశారు. ఇది మనిషి పేరు కాదు, ఊరి పేరు. ఇటలీలో టస్కనీ ప్రాంతపు లుక్కా నగరం. అక్కడి సెయింట్ మార్టిన్ కథీడ్రల్‌లో మనిషి ఎత్తుకు మించిన కొయ్య శిలువ విగ్రహం ఒకటి ఉంది. కళ్ళు తెరిచిన క్రీస్తు, ఒంటి నిండా పొడవాటి అంగీ. క్రీస్తును సమాధి చేసిన నికొదేము ఆ విగ్రహాన్ని చెక్కాడనీ, మొహం చెక్కలేక నిద్రపోతే దేవదూత పూర్తి చేశాడనీ ఐతిహ్యం. ఉత్తరాది నుంచి రోముకు వెళ్ళే యాత్రికుల దారిలోనే లుక్కా ఉంది. అలా ఆ విగ్రహం పేరు నార్మన్ల నోటికి ఎక్కింది.

రూఫస్ ప్రతిదానికీ ‘లుక్కా పవిత్ర ముఖం మీద ఒట్టు’ అనేవాడు. తిట్టినా అదే, బెదిరించినా అదే. వాడి వాడి అరిగిపోయిన ఊతపదమే అనుకున్నా, ఒట్టు పెట్టుకోవడానికి ఆయన ఎంచుకున్నది క్రీస్తు మొహాన్ని.

“నమ్మకం ఉన్నవాడు దేవుడి సొమ్ము తింటాడా?” – ఒక విశ్రాంత ఆడిటరు

ఈ ప్రశ్న ఆడిటరు గారి నుంచి రావడం నాకు కొంచెం నవ్వు తెప్పించింది. జీవితమంతా లెక్కలు చూసినవారు, నాకంటే మీకే బాగా తెలిసుండాలి.

తిన్నాడు. సన్యాసులు ఏడాదివారీగా రాసుకున్న పాత ఇంగ్లీషు చరిత్ర ‘ఆంగ్లో సాక్సన్ క్రానికల్’ ఆయన చావు గురించి రాస్తూ జాబితా ఇచ్చింది: పోయిన రోజున కాంటర్‌బరీ ఆర్చిబిషప్ పీఠం, వించెస్టర్, సాలిస్‌బరీ బిషప్ పీఠాలు, పదకొండు మఠాలు ఆయన చేతిలో ఉన్నాయి. అన్నీ కౌలుకిచ్చాడు. కిటుకు తేలికైనది. బిషప్పు పోతే కొత్తవాణ్ణి నియమించాల్సింది రాజు. ఆ పీఠం భూములు రాజు నుంచి వచ్చినవి కాబట్టి ఖాళీగా ఉన్నన్నాళ్ళూ ఆదాయం రాజుది. మరి నియమించకుండా ఊరుకుంటే? లాన్‌ఫ్రాంక్ 1089 మేలో పోయాడు. కాంటర్‌బరీ దాదాపు నాలుగేళ్ళు ఖాళీ. ఈ లెక్కలు చూసిపెట్టిన రాన్యుల్ఫ్ ఫ్లాంబార్డ్ కూడా చర్చి మనిషే, తర్వాత డరమ్ బిషప్పయ్యాడు.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. రూఫస్ గురించి మనకు తెలిసినదాంట్లో చాలామటుకు రాసింది సన్యాసులు. ఎడ్మర్ ఏ మఠం వాడు? కాంటర్‌బరీ. అంటే బాకీ పడ్డవాడి గుణగణాలను అప్పిచ్చినవాడు రాస్తున్నాడు. అలాగని వాళ్ళు అబద్ధాలు రాశారనను. ఎడ్మర్ తనకు నచ్చనివి కూడా రాశాడు, అదే ఆయన గొప్ప. అవతలి పక్షానికి రాసిపెట్టే గుమాస్తా లేకపోయాడంతే.

చెల్లింపుల పద్దు కూడా ఉందండీ. అదే క్రానికల్ 1087 కింద రాసింది: తండ్రి ఆత్మశాంతికి రూఫస్ పెద్ద మఠాలకు కొన్నిటికి పది మార్కుల బంగారం, కొన్నిటికి ఆరు, పల్లె చర్చికి అరవై పెన్నీలు, పేదలకు పంచమని ప్రతి షైరుకూ (మన జిల్లా లాంటిది) నూరు పౌండ్లు పంపాడు.

అసలు కథ 1093లో జరిగింది. అంతకుముందు క్రిస్మస్‌కు బిషప్పులు వచ్చి, కాంటర్‌బరీకి మంచివాణ్ణి నియమించే బుద్ధి రాజుకు కలగాలని దేశమంతా ప్రార్థన చేయిస్తామన్నారు. “మీకు తోచిన ప్రార్థన చేసుకోండి, నాకు తోచింది నేను చేస్తాను” అన్నాడు. లుక్కా ముఖం మీద ఒట్టేసి, కాంటర్‌బరీ ఆర్చిబిషప్పును ప్రస్తుతానికి నేనేనన్నాడు. రెండు నెలలు గడిచాయో లేదో మంచం పట్టాడు. గ్లోస్టర్‌కు మోసుకొచ్చారు. బతకడన్నారు.

అప్పుడు నార్మండీలోని బెక్ మఠాధిపతి ఆన్సెల్మ్ ఇంగ్లండులోనే ఉన్నాడు. ఆయన్ను పిలిపించి రాజు పాపాలు ఒప్పుకున్నాడు. ఖైదీలను వదులుతాను, బాకీలు కొట్టేస్తాను, మంచి చట్టాలు చేస్తాను అంటూ ముద్ర వేయించాడు. ఆర్చిబిషప్పుగా ఆన్సెల్మ్ పేరే చెప్పాడు. ఆయన వద్దంటే వద్దన్నాడు. బిషప్పులు ఆయన్ను మంచం దగ్గరకు ఈడ్చుకొచ్చి అధికార దండం చేతికివ్వబోతే పిడికిలి బిగించాడు. వేళ్ళు విప్పదీయబోయి, చేతకాక, మూసిన పిడికిలికే దండాన్ని అదిమిపట్టారు. “లొంగని ఎద్దునూ, ముసలి గొర్రెనూ ఒకే కాడికి కడుతున్నారు” అన్నాడట ఆన్సెల్మ్. ఇంత పచ్చిగా, ఇంత నిజంగా చెప్పిన పోలిక ఆ పుస్తకంలో మరొకటి లేదు.

ఎద్దు కోలుకుంది. మాటలన్నీ వెనక్కి పోయాయి. మిగిలిన ఖైదీలకు కాపలా బిగిసింది, కొట్టేసిన బాకీలు మళ్ళీ లేచాయి. రోచెస్టర్ బిషప్ గండల్ఫ్ మెల్లగా మందలిస్తే రాజు ఇచ్చిన జవాబు ఇది: “బిషప్, లుక్కా పవిత్ర ముఖం మీద ఒట్టు, దేవుడు నాకు చేసిన కీడుకు బదులుగా నన్ను ఎప్పటికీ మంచివాడిగా పొందలేడు.”

ఇది నమ్మకం లేని మనిషి మాటేనా? నాకైతే తనకు పైనున్న ప్రభువు తనను దెబ్బతీశాడని అలిగిన సామంతుడి మాటలా వినిపిస్తుంది. రూఫస్‌కు తెలిసిన బంధమల్లా అదొక్కటే: పైవాడు, కిందివాడు, భూమి, బాకీ. దేవుణ్ణి కూడా ఆ చట్రంలోనే పెట్టుకున్నాడు.

1094 ఫిబ్రవరిలో హేస్టింగ్స్‌లో, నార్మండీకి దాటడానికి గాలి కోసం ఎదురుచూస్తూ, తండ్రి కట్టించిన బాటిల్ మఠం ప్రతిష్ఠకు హాజరయ్యాడు. అక్కడే, అప్పటికి ఆర్చిబిషప్పయిన ఆన్సెల్మ్, మఠాలకు అధిపతులను నియమించండి అని అడిగితే, “మఠాలు నావి కావా? నీ ఊళ్ళను నీ ఇష్టం వచ్చినట్టు చేసుకుంటున్నావు, నా మఠాలను నేను చేసుకోకూడదా?” అన్నాడు. తర్వాత మధ్యవర్తులతో కబురంపాడు: నిన్న ఆయనంటే అసహ్యం, ఇవాళ ఇంకా ఎక్కువ, రేపు ఇంకా, ఆయన దీవెనలను, ప్రార్థనలను నేను ఉమ్మేస్తున్నాను.

ఈ సంగతి అందరూ రాస్తారు. దీని జంట సంగతిని చాలామంది వదిలేస్తారు. 1097 అక్టోబరులో వించెస్టర్‌లో ఇద్దరూ చివరిసారి కలుసుకున్నారు. పోపు దగ్గరికి వెళ్ళితీరతానని ఆన్సెల్మ్, వెళితే కాంటర్‌బరీ మళ్ళీ నాదేనని రాజు. అంతా తెగిపోయింది. వెళ్ళేముందు ఆన్సెల్మ్ అన్నాడు: ఆధ్యాత్మిక తండ్రి కొడుకుకు ఇచ్చినట్టు, కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఇంగ్లండు రాజుకు ఇచ్చినట్టు, దేవుడి దీవెన, నా దీవెన ఇవ్వాలని ఉంది, మీరు కాదనకపోతే. “నీ దీవెన నేను కాదనను” అన్నాడు రాజు. తల వంచాడు. ఆన్సెల్మ్ చెయ్యెత్తి శిలువ గుర్తు వేశాడు. పక్కనున్నవాళ్ళు ఆశ్చర్యపోయారు.

రాసింది ఎడ్మరే. రాజును మంచిగా చూపించాల్సిన అవసరం ఆయనకు ఎంతమాత్రం లేదు. అందుకే నేను దీన్ని నమ్ముతాను.

ఆ తర్వాత ఆన్సెల్మ్ డోవర్ రేవుకు చేరితే రాజుగారి మనిషి, ఆయనా ఒక పూజారే, విలియం వారెల్‌వాస్ట్, సామాన్లన్నీ ఒడ్డున పరిపించి డబ్బు కోసం సోదా చేశాడు. ఏమీ దొరకలేదు. దీవెన తీసుకున్నాడు, మూటలూ విప్పించాడు. ఆడిటరు గారూ, రెండు పద్దులూ ఒకే మనిషివి.

“అయితే ఇది ఒకరకం నిందాస్తుతి అనుకోవచ్చా?” – ఒక పాఠకురాలు

అనుకోకూడదమ్మా. నిందాస్తుతిలో తిట్టు పైపైన, ప్రేమ లోపల. ఈయన తిట్టింది మనసారా.

“యూదు మతంలోకి మారిపోతానన్నాడట, నిజమేనా?” – ఒక లెక్కల ఉపాధ్యాయుడు

అన్నాడని మామ్స్‌బరీ మఠం సన్యాసి విలియం రాశాడు. లండనులో యూదులకూ బిషప్పులకూ వాదం పెట్టించి, మీరు గెలిస్తే లుక్కా ముఖం మీద ఒట్టు, మీలో కలుస్తాను అన్నాడట. బిషప్పులకు చెమటలు పట్టాయి. చివరికి యూదులు ఓడారు. ఓడించింది తర్కం కాదు, ముఠా అని వాళ్ళన్నారు. బిషప్పులకు ముచ్చెమటలు పట్టించడం రాజుగారికి సరదా. అంతకుమించి ఇందులో మతం వెతకనక్కర్లేదు. యూదుడిగా మారతానని దేని మీద ఒట్టేశాడో చూశారా? శిలువ విగ్రహం మీద!

ఇంకో కథ దీనికంటే రుచిగా ఉంటుంది. తాను విన్నదే రాస్తున్నానని ఎడ్మర్ ముందే చెప్పుకుని రాశాడు. రువాన్ నగరంలో ఒక యూదుడి కొడుకు క్రైస్తవుడైపోయాడు. తండ్రి రాజు దగ్గరకు వచ్చి, నా కొడుకును వెనక్కి తిప్పితే అరవై మార్కులు ఇస్తానన్నాడు. మీరు లెక్కల మాస్టారు కాబట్టి: మార్కు అంటే నాణెం కాదు, నూట అరవై పెన్నీల లెక్క. అరవై మార్కులంటే నలభై పౌండ్లు. రాజు కుర్రాణ్ణి పిలిపించి, నీ తండ్రి మాట విను అన్నాడు. “ప్రభువులు పరిహాసమాడుతున్నట్టున్నారు” అన్నాడు కుర్రాడు. “పేడకుప్పకు పుట్టినవాడా, నీతో నాకు పరిహాసమా? చెప్పింది చెయ్యి, లేకపోతే లుక్కా ముఖం మీద ఒట్టు, కళ్ళు పీకిస్తాను.” కుర్రాడు జంకలేదు: “మీరు మంచి క్రైస్తవులే అయితే ఈ మాట మీ నోట రాదు.”

రాజుకు జవాబు తోచలేదు. కుర్రాణ్ణి గెంటించాడు. తర్వాత తండ్రిని పట్టుకుని, నా ప్రయత్నం నేను చేశాను, అరవై మార్కులు తీయమన్నాడు. పని జరగలేదు కదా అన్నాడు తండ్రి. బేరమాడి సగానికి తెగ్గొట్టుకున్నారు. ముప్పై మార్కులు రాజుకు, ముప్పై తండ్రికి.

“ఆయన రహస్యంగా పాత దేవతలను కొలిచేవాడనీ, ఆ అడవి చావు నరబలి అనీ ఒక వీడియోలో చూశాను.” – పేరు రాయవద్దన్న పాఠకుడు

చూసి ఉంటారు. ఇరవయ్యో శతాబ్దంలో మార్గరెట్ మరే అనే పండితురాలు లేవదీసిన ఊహ అది. ఆమె అసలు రంగం ఈజిప్టు తవ్వకాలు. పదకొండో శతాబ్దపు చరిత్ర తెలిసినవాళ్ళు ఎవరూ దాన్ని ఒప్పుకోలేదు. 1100 ఆగస్టు 2న న్యూ ఫారెస్టులో వేటకు వెళ్ళారు, వాల్టర్ టిరెల్ బాణం తగిలిందన్నారు, రాజు పోయాడు. కావాలని వేశాడా, గురి తప్పిందా అన్న వాదానికి చోటుంది. బలికి లేదు.

ఆ చావు చుట్టూ కలలు మాత్రం బోలెడు. ఒక సన్యాసికి పీడకల వచ్చిందని రాబర్ట్ ఫిట్జ్‌హామన్ ఆ ఉదయం వచ్చి చెబితే, “సన్యాసి కదా, డబ్బు కోసం సన్యాసిలాగే కల కన్నాడు, నూరు షిల్లింగులు ఇచ్చి పంపండి” అని నవ్వాడట. అయినా ఆ ఉదయమంతా వేటకు వెళ్ళలేదనీ మామ్స్‌బరీ విలియమే రాశాడు. నవ్వినవాడు ఆగాడు కూడా.

వించెస్టర్ చర్చి గోపురం కింద పూడ్చారు. 1107లో ఆ గోపురం కూలింది. పాపి శవం వల్లేనని జనం అన్నారు. మామ్స్‌బరీ విలియం మాత్రం, కట్టడం సరిగా లేదు కాబట్టి ఆయన్ను అక్కడ పూడ్చకపోయినా కూలేదేమో అని రాశాడు. సన్యాసే, అయినా ఎంత నిదానం!

ఆన్సెల్మ్‌కు ఈ వార్త ఫ్రాన్సులో, లా షేజ్ దియూ మఠంలో అందింది. వెక్కి వెక్కి ఏడ్చాడు. రాజు ఇలా పోవడం కంటే నా ప్రాణం పోయినా బాగుండేదన్నాడు. పాపాలు ఒప్పుకోకుండా, ప్రసాదం నోట పడకుండా పోయాడన్నదే ఆ దుఃఖం.

దానికి జవాబులాంటి కథ ఒకటుంది. గైమర్ అనే కవి, రూఫస్ పోయిన మూడున్నర దశాబ్దాల తర్వాత, ఫ్రెంచి పద్యాల్లో ఇంగ్లండు చరిత్ర రాశాడు. ఈయన సన్యాసి కాదు, దొరల ఇళ్ళలో వినిపించడానికి రాసేవాడు. రూఫస్ అంటే ఇష్టం. ఆయన కథలో బాణం దిగిన రాజు క్రీస్తు ప్రసాదం ఇమ్మని నాలుగుసార్లు అరిచాడు. అడవి మధ్య ప్రసాదం ఇచ్చేదెవరు? వేటగాడు ఒకడు గడ్డి పరకలు, వాటితోపాటున్న పూలు కలిపి తెంచి, కాస్త రాజు నోట పెట్టాడు. యుద్ధంలో నేలకొరిగిన యోధులు పూజారి దొరకకపోతే గడ్డిపరకనే ప్రసాదంగా నమిలే ఆచారం ఆ కాలం కథల్లో ఉంది. వీడియో వాళ్ళు ఈ గడ్డినే బలి తంతు అన్నారు.

“ఇంతకీ పరీక్షలో ఏమి రాయాలి మాస్టారూ?” – అదే డిగ్రీ విద్యార్థిని, రెండో ఉత్తరంలో

ఖాళీ పీఠాల ఆదాయం రాయండి, కాంటర్‌బరీ నాలుగేళ్ళు రాయండి, ఆన్సెల్మ్‌తో తగాదా రాయండి. జింకల కథ రాస్తే రాజు రెండో వాక్యం కూడా రాయండి. పేపరు దిద్దేవారు నా దగ్గర చదువుకున్నవారైతే ‘నాస్తికుడు’ లేదని ఒక మార్కు కోయవచ్చు. ఈ పేజీ చింపి దగ్గర ఉంచుకోండి.